ఈగ ఎక్కడ వాలింది

కంటి ఆసుపత్రి, పిల్లల పరీక్ష గది
మధ్యాహ్నం, భోజనాల వేళ

వదినా,

ఆసుపత్రి నుంచి వెళ్తూ బస్సు ఎక్కేటప్పుడు నా మొహం కూడా చూడలేదు నువ్వు. అన్నయ్య కిటికీలోంచి చెయ్యి ఊపాడు, నీ కూతురు గుండుసూది రెండు చేతులూ ఊపింది, నువ్వు మాత్రం సంచిలో ఏదో వెతుక్కుంటున్నట్టు నటించావు. నీ సంచిలో ఏముంటాయో నాకు తెలియదా? కత్తెర, కొలత టేపు, సగం తిన్న బిస్కెట్ పొట్లం. అంతసేపు వెతకాల్సినవేం కావు.

ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావేమో. పగలంతా మీ ఫోన్ అన్నయ్యతో పాటు ఆయన నడిపే బస్సులో తిరుగుతుంది. సాయంత్రం చేస్తే నీ కూతురు నీ చంకలో దూరి చెవి పెడుతుంది. దాని కంటి సంగతి అది వినకుండా మాట్లాడుకోవాలి మనం. అందుకే ఉత్తరం. దానికింకా గుణింతాలే సరిగ్గా రావు కాబట్టి ఇది చదవలేదు. ఎందుకైనా మంచిది, చదివాక బొత్తాల డబ్బా అడుగున పెట్టు.

పెద్ద డాక్టరమ్మ చెబుతున్నప్పుడు నువ్వు వినలేదు, ఏడుపు ఆపుకుంటున్నావు. కాబట్టి మళ్ళీ చెబుతాను. గుండుసూది కుడి కన్ను బంగారం. ఎడమ కంటికి బాగా పవరుంది. ఇన్నాళ్ళూ ఆ కంటికి అంతా మసకే. మసక బొమ్మతో నాకేం పని అని దాని మెదడు ఆ కంటిని పట్టించుకోవడమే మానేసింది. రెండు కళ్ళూ కలిసి చూస్తేనే ఏది దగ్గర, ఏది దూరం అన్నది చటుక్కున తెలుస్తుంది. దానికది తెలియదు. అందుకే మీ ఇంట్లో నేనున్న ఆ నాలుగు రోజులూ గ్లాసు పక్కన నీళ్ళు పోసింది. నువ్వు పరధ్యానం అని ఒకటి వేశావు.

కళ్ళద్దాలు పెట్టాలి. మంచి కంటికి రోజూ కొంతసేపు ప్యాచ్ అంటించి మూసెయ్యాలి. బడికి పోని పిల్లని బలవంతంగా బడికి పంపినట్టన్నమాట, ఆ ఎడమ కంటిని పనిలో పెట్టాలి. ఇప్పుడు దానికి ఆరు దాటింది. ఎనిమిది దాటితే చాలా కష్టమని డాక్టరమ్మ అంది. ఆమె ఊరికే భయపెట్టే మనిషి కాదు.

కోపం ఉంటే నా మీద చూపించు. ప్యాచ్ మీద మాత్రం చూపించకు.

నీ ఆడపడుచు

*

కుట్టు దుకాణం, మిషను పక్కన
కరెంటు పోయిన పగటిపూట

ఆడపడుచుగారికి,

ఆడబిడ్డ అర్ధమొగుడని ఊరికే అన్నారా! నాలుగు రోజులుండి పోదామని వచ్చి, నా పిల్లకి కన్ను లేదని తేల్చి వెళ్ళావు. కాకిపిల్ల కాకికి ముద్దు అనుకో, ఇంకేమైనా అనుకో, నాకు దాని కళ్ళలో ఏ వంకా కనపడలేదు. మెల్లకన్ను కాదు, పువ్వు లేదు, ఎరుపు లేదు. మా వైపు ఎవరికీ ఇలాంటివి లేవు. ఇది మీ వైపు నుంచే వచ్చుంటుంది. రాశాను, కడుపు చల్లబడింది.

ఇక సంగతికొస్తాను. కళ్ళద్దాలు వచ్చాయి. ముక్కు మీద నిలవడం లేదని వెనక ఎలాస్టిక్ కుట్టాను. ప్యాచ్ సంగతి మాత్రం అడక్కు. అంటించబోతే ఇల్లంతా పరుగు. అంటించాక గోడలు పట్టుకుని నడుస్తుంది, "అమ్మా, నన్ను ఎక్కడికో పంపేశావు" అని ఏడుస్తుంది. ఎక్కడికీ పంపలేదే, ఇక్కడే ఉన్నావు అంటే, "ఇది మన ఇల్లు కాదు, మన ఇల్లు ఇలా ఉండదు" అంటుంది. వీధిలో పిల్లలు ఒంటికన్ను దొంగ అంటున్నారు. మీ అన్నయ్య పెద్ద ధైర్యస్థుడిలా కబుర్లు చెబుతారు గానీ, ప్యాచ్ వేళకి సరిగ్గా బస్సు టైర్లలో గాలి చూడాలని గుర్తొస్తుంది ఆయనకి.

నన్ను తొలుస్తున్నది ఒకటే. కన్ను నేర్చుకుంటోందో లేదో తెలిసేదెలా? బట్ట అయితే తిరగేసి చూస్తాను, కుట్టు ఎలా పడిందో తెలిసిపోతుంది. పిల్ల తలకాయని తిరగేసి చూడలేను కదా. ఇంత ఏడిపిస్తున్నాను, ఫలితం ఉందో లేదో తెలియకుండా ఎన్నాళ్ళని ఏడిపించను?

దీనికి జవాబు రాయి. నీతులు రాయకు.

మీ వదిన

*

పరీక్ష గది
బయట వాన

వదినా,

మా వైపు నుంచే వచ్చిందన్నావు. సరే, ఆ నింద మేం మోస్తాం.

నువ్వడిగినదానికి జవాబు ఈ పార్సిల్లో ఉంది. ఒక పెద్ద ఈగ బొమ్మ, ఒక జత అద్దాలు. అట్ట చిరిగిందని మా గదిలో పక్కన పడేశారు, డాక్టరమ్మని అడిగి తీసుకున్నాను. బొమ్మ బాగానే ఉంది.

ఇదెలా పని చేస్తుందో చెబుతాను. వెలుగు ఒక అల. తాడు కొస పట్టుకుని ఊపితే వణుకుతూ పోతుంది చూడు, అలాంటిది. ఆ వణుకు పైకీ కిందకీ ఉండొచ్చు, పక్కలకి ఉండొచ్చు, ఐమూలగా ఉండొచ్చు. మామూలు వెలుగులో అన్నీ కలగాపులగంగా ఉంటాయి. కొన్ని రకాల పలచటి రేకులుంటాయి. అవి ఒక్క వాలున వణికే వెలుగుని మాత్రమే పోనిచ్చి మిగతాదాన్ని ఆపేస్తాయి. కిటికీ ఊచల మధ్య నుంచి తాడు దూర్చి ఊపి చూడు, ఊచలున్న వాలునే అల అవతలికి పోతుంది, అడ్డంగా ఊపితే ఊచకి కొట్టుకుని ఆగిపోతుంది. దీన్ని పోలరైజేషన్ అంటారు. పేరుకి బెదరకు, సంగతి ఇంతే.

ఈ కాగితం మీద నిజానికి రెండు ఈగలున్నాయి. పడుగూ పేకా కలిపి నేసినట్టు ఒకదాని మీద ఒకటి. ఒక ఈగ వెలుగు ఇటు ఐమూలగా వణుకుతుంది, రెండో ఈగది అటు ఐమూలగా. అద్దాల్లో ఒక అద్దం పడుగుని, ఒక అద్దం పేకని పోనిస్తుంది. అంటే ఒక్కో కంటికి ఒక్కో ఈగ. రెండు కళ్ళూ కలిసి పని చేస్తే మెదడు ఆ రెండింటినీ కలిపి కుడుతుంది, అప్పుడు ఏమవుతుందో నువ్వే చూడు. ఒక్క కన్నే పని చేస్తే అది ఉత్త బొమ్మ.

పగటి వెలుగులో, కిటికీ దగ్గర, దాని కళ్ళద్దాల మీద ఇవి పెట్టు. బొమ్మ నిటారుగా పట్టుకో. "ఈగ రెక్క పట్టుకో" అను, అంతే. ఏం కనపడాలో చెప్పకు. రోజూ పెట్టి విసిగించకు, నెలకోసారి చాలు.

ఇంకో జత నల్లద్దాలున్నాయి, అవి అన్నయ్యకి. తడి రోడ్డు మీద పడి కళ్ళలోకి కొట్టే ఎండ ఎక్కువగా పక్కలకే వణుకుతుంది. ఈ అద్దాలు దాన్ని ఆపేస్తాయి. ఇవీ ఆ ఈగ చుట్టాలే. పెట్టుకుని బస్సు నడపమను.

నీ ఆడపడుచు

*

వంటింటి గడప మీద కూర్చుని
ఆదివారం

అమ్మాయ్,

ముందు మీ అన్నయ్య భాగోతం విను. నీ నల్లద్దాలు పెట్టుకుని హీరోలా బయలుదేరారు. రోడ్డు మీద తళతళ లేదట, ముందున్న బళ్ళు కడిగిపెట్టినట్టు కనపడ్డాయట. దారి పొడుగునా నిన్ను పొగిడారు. బస్సు ఆపి, కూర్చుని ఫోన్ తీసి ఏదో చూద్దామని అడ్డంగా తిప్పారు. నల్లగా అయిపోయింది. నిలువుగా తిప్పితే వచ్చింది. మళ్ళీ అడ్డంగా తిప్పితే పోయింది. పరుగున రిపేరు కొట్టుకి వెళ్ళారు. అతను చూసి బాగానే ఉందన్నాడు. "బాగుండటమేంటయ్యా, నల్లగా చచ్చిపోయి ఉంటే" అని ఈయన. "చచ్చిపోయింది ఫోను కాదు సార్, ముందు మీరా అద్దాలు తియ్యండి" అని అతను. ఇద్దరూ ఆ అద్దాల కోసం లాక్కున్నారట. చివరికి కొట్టతనే అవి పెట్టుకుని కొట్లో ఉన్న ఫోన్లన్నీ తిప్పితిప్పి చూశాడట. ఇప్పుడు అతనికీ ఒక జత కావాలట.

ఇక మన సంగతి. ముందు నేను పెట్టుకుని చూశాను. నా పక్కనే గుండుసూది. బొమ్మ పట్టుకున్నానో లేదో, అమ్మ బాబోయ్! ఆ ఈగ రెక్కలు కాగితం వదిలేసి నా ముక్కు దాకా వచ్చాయి. "ఈగ పైకి లేచిందే!" అని కేక పెట్టి కుర్చీ వెనక్కి నెట్టాను. నవ్వాను కూడా, చిన్నపిల్లలా. నాకే ఇంత ఆశ్చర్యంగా ఉంటే దానికెంత బాగుంటుందో అనుకుని దానికి పెట్టాను.

రెక్క పట్టుకో అన్నాను. అది వేలు తీసుకెళ్ళి కాగితం మీద చప్పున ఆనించింది. గోడ మీద క్యాలెండరుని ముట్టుకున్నట్టు. "పట్టుకున్నాను, ఇంకేంటి?" అంది.

నేను వంటింట్లోకి వచ్చి కుళాయి తిప్పి ఏడ్చాను. కుళాయి చప్పుడులో వినపడదనుకున్నాను. వెనక్కి తిరిగేసరికి గుమ్మంలో నిలబడి ఉంది, ఆ అద్దాలతోనే.

నువ్వు చెప్పింది నిజమే. ఇన్నాళ్ళూ నీ మీద పడి ఏడ్చాను. ఇంకేం చెయ్యాలో చెప్పు, చేస్తాను.

వదిన

*

పరీక్ష గది

వదినా,

ఇలాంటి కన్నున్న పిల్లలంతా మొదటిసారి కాగితమే ముట్టుకుంటారు. అది మొదలు, ముగింపు కాదు. ప్యాచ్ మానకు. ప్యాచ్ ఉన్నంతసేపూ ఊరికే కూర్చోబెట్టకు, కంటికి పని ఉండాలి. నీ దగ్గరున్నన్ని బొత్తాలు ఏ ఆసుపత్రిలో ఉన్నాయి? రంగు రంగువి ఏరించు, దారానికి గుచ్చించు.

అన్నయ్యకి చెప్పు, ఫోన్ తెరకి కూడా అలాంటి రేకే ఉంటుంది. ఆ రేకు వాలూ అద్దాల వాలూ అడ్డం పడితే వెలుగుకి దారి ఉండదు. ఫోన్‌కి ఏ రోగమూ లేదు.

నువ్వు ఏడిస్తే నాకు బాగుండలేదు. అది రాయకుండా ఉత్తరం ముగించలేకపోయాను.

నీ ఆడపడుచు

*

కుట్టు దుకాణం
గిరాకీ ఉన్నా సరే

బంగారుతల్లీ,

నీ నోట్లో చక్కెర పొయ్య! పట్టుకుంది! గాలిలో పట్టుకుంది!

నెల తిరిగిందని నిన్న కిటికీ దగ్గర కూర్చోబెట్టాను. అద్దాలు పెట్టాను. బొమ్మ నిటారుగా పట్టుకున్నాను. "రెక్క పట్టుకో అమ్మా" అన్నాను. అది రెండు వేళ్ళూ చాపి కాగితానికి జానెడు పైన గాలిలో గిల్లింది. "ఈగ పైకి లేచిందే!" అని అరిచింది. దాన్ని ఎత్తుకుని మూడుసార్లు గిర్రున తిప్పాను, మిషను మీద ఉన్న గుడ్డలన్నీ కింద పడ్డాయి. మీ అన్నయ్య బస్సు దిగి నేరుగా వచ్చి దాని నెత్తి ముద్దు పెట్టుకుని, మొహం కడుక్కునే వంకతో స్నానాలగదిలో చాలాసేపు ఉండిపోయారు. కొలతలకి వచ్చినవాళ్ళందరికీ చెప్పాను. ఒకామె జాకెట్టు చేతులు రెండూ ఎడమవైపే కుట్టేశాను, ఆమె కూడా ఏమీ అనలేదు.

ఇక ఆ ప్యాచ్ పీడ విరగడైంది. బడి తెరుస్తున్నారు, పిల్లల ముందు ఒంటికన్ను దొంగలా పంపడం నాకు ఇష్టం లేదు. మిగిలిన ప్యాచ్‌లు చెత్తబుట్టలో వేశాను. కళ్ళద్దాలు మాత్రం పెడతాలే.

నీకు ఏం కావాలో చెప్పు, కుట్టి పంపుతాను.

నీ వదిన

*

పరీక్ష గది
ఉత్తరం అందిన రోజే

వదినా,

చదివి చాలా సంతోషించాను. కానీ చెత్తబుట్టలోవి వెంటనే బయటికి తియ్యి. దులిపి దాచు.

ఇంకొక్క పని చెయ్యాలి నువ్వు. బొమ్మని తలకిందులుగా పట్టుకో, కాళ్ళు పైకి, తల కిందకి. అద్దాలు మాత్రం మామూలుగానే. అప్పుడు అడుగు, "ఇప్పుడు ఈగ ఎక్కడుంది?" అని. ఏం చెబుతుందో ఆ మాట ఆ మాటగా నాకు రాయి. ముందుగా నువ్వు అలా చూడకు. అన్నయ్యనీ చూడనివ్వకు.

ఏం కనపడాలో నేను చెప్పను. కోపం తెచ్చుకోకు.

నీ ఆడపడుచు

*

ఇల్లు

ఆడపడుచుగారికి,

తిరగేశాను. అడిగాను. "ఈగ పైకి లేచింది" అంది. ఇదివరకటిలాగే గాలిలో గిల్లింది. చాలా?

నా పిల్ల ఏ పరీక్ష పాసైనా దాని మీద ఇంకో పరీక్ష పెడతావు కాబోలు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అనే రకం నువ్వు. సంతోషం ఒక పూట కూడా నిలవనివ్వవు.

వదిన

*

పరీక్ష గది
తలుపు వేసుకుని

వదినా,

ఈ ఉత్తరం చించుకోకుండా చివరిదాకా చదువు, ఆ తర్వాత నీ ఇష్టం.

అది తప్పు జవాబు. బొమ్మ తిరగేస్తే ఈగ పైకి లేవదు. మరేమవుతుందో నీకు కూడా చెప్పను. నీకు తెలిస్తే నీ మొహం దానికి చెప్పేస్తుంది. నా గదికి వచ్చే పిల్లలు బొమ్మని చూడరు, నా మొహం చూస్తారు. నా కనుబొమ్మ కదిలిందంటే జవాబు మార్చేస్తారు. నీ గుండుసూది వాళ్ళందరి కంటే గడుసుది.

నువ్వే రాశావు, దాని పక్కనే కూర్చుని "ఈగ పైకి లేచిందే" అని కేక పెట్టానని. నువ్వే రాశావు, ఏడుస్తుంటే అది గుమ్మంలో నిలబడి చూసిందని. నెల తర్వాత అది ఏ మాట అరిచిందో చూడు. నీ మాటే, అక్షరం పొల్లుపోకుండా. దానికి కనపడలేదు వదినా. నువ్వు మళ్ళీ ఏడవకూడదని చెప్పింది. అది అబద్ధాలకోరు కాదు, దాన్ని తిట్టకు. అంత ప్రేమ ఉన్న పిల్లకి రెండో కన్ను కూడా ఉండాలని నా తాపత్రయం.

నిన్ను చిన్నబుచ్చాలని రాయలేదు. ఇది రాయడానికి నాకు చేతులు రాలేదు. నన్ను ఎంత కావాలంటే అంత తిట్టు, కానీ ప్యాచ్ అంటించు. మనకి వ్యవధి లేదు.

నీ ఆడపడుచు

*

కుట్టు దుకాణం
చాలా వారాల తర్వాత

అమ్మాయ్,

ఇన్నాళ్ళూ రాయలేదు. నీ ఉత్తరం చదివి ముందు చించబోయాను. తర్వాత నిన్ను తిడుతూ, నెలలుగా పారబోయని ఆ గుడ్డముక్కల చెత్తబుట్ట తిరగేశాను. ప్యాచ్‌లు దొరికాయి. కొత్తవాటి కింద వాడి పారేసిన పాతవి కూడా ఉన్నాయి. దులుపుదామని ఒకటి కిటికీకి ఎత్తి పట్టుకున్నాను. అందులోంచి వెలుగు చుక్కలు చుక్కలుగా వచ్చింది. రెండోదీ అంతే, మూడోదీ అంతే. వాడిన ప్రతిదానికీ సన్నటి చిల్లులు.

నా గుండుసూదుల మెత్త నుంచి ఒకటి తీసి, అంటించబోయే ముందే పొడిచిపెట్టుకునేదట. దాని మంచి కన్ను ఆ చిల్లుల్లోంచి హాయిగా లోకాన్ని చూస్తూనే ఉంది. తాడి తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు ఉంటాడని, ఇక్కడ నా కడుపునే పుట్టింది.

తిట్టలేదు. నువ్వన్నావని కాదు, నోరు రాలేదు. దగ్గర కూర్చోబెట్టుకుని అడిగాను.

"ఈగ నిజంగా లేచిందా అమ్మా?"

"నీకు లేచింది కదా."

"నీకో?"

చాలాసేపు నా కొంగు చివర నలిపింది. "నాకు లేవలేదు. నువ్వు కుళాయి దగ్గరికి వెళ్ళిపోతావని చెప్పలేదు."

అప్పుడు నేను ఏడవలేదు. ఎలా ఆపుకున్నానో ఆ పైవాడికే తెలియాలి. "ఇక ఈగ లేచినా లేవకపోయినా నేను కుళాయి దగ్గరికి వెళ్ళను, సరేనా?" అన్నాను. "ఒట్టు?" అంది. ఒట్టేశాను.

ఆ అంటించేవి మానేసి కొత్తది కుట్టాను. లోపల నల్ల లైనింగు, మధ్యలో దళసరి గుడ్డ, అంచు చుట్టూ మెత్తటి పైపింగు, కళ్ళద్దాలకి తొడిగేలా. ఏ సూదీ దిగదు. ఇక్కడి డాక్టరుకి చూపిస్తే పక్కల నుంచి వెలుగు రాకపోతే చాలన్నాడు. అయినా అది ఒప్పుకోలేదు. "నువ్వు కూడా పెట్టుకో" అంది. సరే, అదెంత భాగ్యం అని నాకూ ఒకటి కుట్టుకుని, ఒక కన్ను మూసుకుని మిషను ముందు కూర్చున్నాను.

అమ్మాయ్, నాకు సూదిలో దారం ఎక్కలేదు. ఇన్నేళ్ళుగా కబుర్లు చెబుతూ ఎక్కించేదాన్ని. దారం సూది పక్కన గాలిలోకి పోతోంది. ఎక్కిందనుకుని లాగితే ఉత్త దారం చేతికొస్తోంది. గ్లాసులో నీళ్ళు పోయబోయి బల్ల తడిపాను. మీ అన్నయ్య చూసి "పరధ్యానం" అన్నారు. నేను దాన్ని అనే మాటే. ఎంత కొట్టుకుందో నా ప్రాణం! నాకైతే మూసుకున్న కన్ను కూడా మంచిదే, ఎప్పుడైనా తెరుచుకోవచ్చు. దానికి పుట్టినప్పటినుంచీ ఇంతే కదా. ఇంత కష్టపడుతూ అది ఎన్నిసార్లు నవ్వుతూ తిరిగిందో తలుచుకుంటే దాని ముందు నేనెంత!

ఇప్పుడు సాయంత్రాలు ఇంట్లో ముగ్గురం ఒంటికన్ను దొంగలమే. మీ అన్నయ్యకి కూడా ఒకటి కుట్టాను, ఇంట్లో మాత్రమే పెట్టుకోవాలని గట్టిగా చెప్పాను. ముగ్గురం కూర్చుని బొత్తాలు గుచ్చుతాం. ఓడిపోయేది రోజూ ఆయనే. వీధి పిల్లలు కిటికీ దగ్గర నిలబడి చూసి, "మాకూ కుట్టి పెట్టవా ఆంటీ" అంటున్నారు.

నిన్ను అన్న మాటలు వెనక్కి తీసుకోలేను. వాటి మీద ఒక కొత్త గుడ్డ వేసి కుట్టేస్తున్నాను.

నీ వదిన

*

నా గది
సెలవు రోజు

వదినా,

నీ ఉత్తరం మా డాక్టరమ్మకి చదివి వినిపించాను. తల్లి కూడా ప్యాచ్ కట్టుకోవడం ఆమె ఎక్కడా వినలేదట. మన గదిలో తల్లిదండ్రులందరికీ ఒక పూట కడదాం అంటోంది.

ఈగ బొమ్మ పెట్టెలో పెట్టెయ్యి. ఇక పరీక్షలు వద్దు. కంటిని దాని మానాన చదువుకోనిద్దాం.

నీకొకటి చెప్పాలి. మా వైపు నుంచి వచ్చింది అన్నావు చూడు, సరిగ్గా అన్నావు. నాకు ఎడమ కన్ను అంతే. చిన్నప్పుడు మెట్ల మీద జారిపడితే, "ఆకాశంలో చూసి నడుస్తుంది మహారాణి" అని అన్నయ్య వెక్కిరించేవాడు. నాకు కూడా అదే నిజమనిపించేది. ఈ ఉద్యోగంలో చేరిన కొత్తలో డాక్టరమ్మ నాకు అద్దాలు పెట్టి ఈగ చూపించింది. నేను కాగితం ముట్టుకున్నాను. అప్పటికి నాకు ఇరవై దాటాయి.

రోజూ ఆ బొమ్మ పట్టుకుని పిల్లల ముందు కూర్చుంటాను. వాళ్ళు గాలిలో గిల్లుతారు, వాళ్ళ తల్లులు నవ్వుతారు. నాకు ఆ ఈగ ఎప్పుడూ కాగితం మీదే. పైకి లేస్తుందని, తిరగేస్తే ఏదో అవుతుందని విన్నదే గానీ చూసినది కాదు. ఇన్నాళ్ళూ ఎవరితోనూ అనలేదు, పరీక్ష చేసేదానికే కనపడదంటే తల్లులు నమ్మరని. నా పని నేను బాగానే చేసుకుంటున్నాను, ఏ లోటూ లేదు. కానీ మీ ఇంట్లో ఆ పిల్ల గ్లాసు పక్కన నీళ్ళు పోసినప్పుడు నా పని వదిలేసి దాన్నే చూశాను. నేను పోసినట్టే పోసింది.

అందుకే నీ వెంట పడ్డాను. నీ మీద గెలవాలని కాదు.

నీ ఆడపడుచు

*

ఇల్లు, కిటికీ పక్కన
మంచి ఎండ

నా తల్లీ,

నీ ఉత్తరం వచ్చిన రోజున మీ అన్నయ్యకి చదివి వినిపించాను. ఆయన లేచి వెళ్ళి మీ చిన్నప్పటి ఫోటో ఒకటి వెతికి తెచ్చుకుని, మెట్ల మీద కూర్చున్న నిన్ను చాలాసేపు చూశారు. నీకు ఫోన్ చేస్తానన్నారు. చేసి ఏం మాట్లాడారు? "భోజనం చేశావా" అన్నారు, అంతేగా? ఆయనకి అంతే వచ్చు, ఆ మాటలోనే అన్నీ ఉన్నాయనుకో. గుండుసూదికి కూడా చెప్పాను, అత్తకీ నీలాంటి కన్నే, అత్తకి ఈగ లేవదు అని. "పాపం" అంది, పెద్ద ఆరిందాలా.

అలా చెప్పి నెలలైంది. బొత్తాలు గుచ్చుతున్నాం, బంతి ఆడుతున్నాం. కిందటి వారం ఇక్కడి డాక్టరు అట్ట మీద అక్షరాలు చదివిస్తే ఎడమ కంటితో ఇదివరకటి కంటే నాలుగు వరసలు కిందకి చదివింది. రాద్దామనుకున్నాను, కానీ ఇదివరకు తొందరపడి కేకలేసిన నోరు కదా, కొంచెం ఆగాను.

ఈ ఉదయం నేను మిషను మీద ఉన్నాను. అది బొత్తాల డబ్బా కోసమని పెట్టె తీసి, అడుగున ఈగ బొమ్మ చూసి, అద్దాలు తగిలించుకుని నేల మీద పరుచుకుంది. నేను పట్టించుకోలేదు. నా చేతిలో ఒకరి చొక్కా కాలరు, అది సరిగ్గా తిరక్కపోతే ఆ మనిషి ఊరుకోడు.

"అమ్మా, ఈగ గుంటలో పడిపోయింది."

"ఏ గుంటలో? నేల మీద గుంటెక్కడిది?"

"నేల మీద కాదు. కాగితం లోపల. రెక్కలు లోపలికి పోయాయి, నా వేలు అందట్లేదు."

పిచ్చి వాగుడు ఆపి బొత్తాలు తీసుకో అని కసిరాను. అన్నాక నా కాలు మిషను మీద ఆగిపోయింది. లేచి వెళ్ళి చూశాను. బొమ్మ తలకిందులుగా ఉంది.

ఒట్టు, నాకు తెలియదు. నువ్వు చూడొద్దన్నావని నేనెప్పుడూ అలా చూడలేదు. దాని మొహం మీద నుంచి అద్దాలు తీసి పెట్టుకుని, అది కూర్చున్నచోటే కూర్చుని చూశాను. కాగితం కిటికీలా తెరుచుకుంది. ఈగ రెక్కలు అవతలి వైపు, నేల కిందకి దిగి ఉన్నాయి.

ఎవరూ చెప్పని జవాబు. నేను కేక పెట్టి అందించని జవాబు. దాని కళ్ళు రెండూ కలిసి తెచ్చుకున్నది.

అద్దాలు దానికిచ్చేసి, బొమ్మ నిటారుగా తిప్పి, నోరు గట్టిగా మూసుకుని పట్టుకున్నాను. అది గాలిలో వేళ్ళు కలిపింది. ఈసారి జానెడు ఎత్తున కాదు, నాకు రెక్క ఎక్కడ కనపడిందో సరిగ్గా అక్కడ. నేను కుళాయి దగ్గరికి వెళ్ళలేదు. అక్కడే, దాని ముందే ఏడ్చాను. ఒట్టు తీసి గట్టున పెట్టానని అదే నన్ను కోప్పడింది.

వచ్చే నెల నీ దగ్గరికి తీసుకొస్తున్నాను, నీ చేత్తో పరీక్ష చెయ్యి. ప్యాచ్ మానలేదు, నువ్వు చెప్పేదాకా మానను. ఈసారి బస్సు ఎక్కేటప్పుడు నీ మొహమే చూస్తాను.

కింద నాలుగు ముక్కలు అది రాస్తానంటోంది. నేను సాయం చెయ్యలేదు. గుణింతాలు తప్పుంటే సర్దుకో.

నీ వదిన

అత్తా,
ఈగ పైకి లేస్తే రెక్క నీ ముక్కు దగ్గరికి వస్తుంది. పట్టుకుంటే వేళ్ళకి ఏమీ తగలదు. తిరగేస్తే గుంటలో పడుతుంది. అమ్మ చెప్పలేదు, నాకే కనపడింది.
నీకు కనపడదు కదా. నేను వచ్చి నీ వేలు పట్టుకుని అది ఎక్కడుందో అక్కడ పెడతాను. భయపడకు. కుట్టదు.
గుండుసూది